అమ్మ నొక్కని బటన్

కిందటి ఏడాది బోనస్ పడగానే ఏలూరులో మా ఇంటికి రెండు తలుపుల పెద్ద ఫ్రిజ్ కొన్నాను. గ్లాసు పెట్టి బటన్ నొక్కితే చల్లటి నీళ్లు, ఇంకో బటన్ నొక్కితే ఐస్ ముక్కలు. ట్రేలు నింపక్కర్లేదు, బాటిళ్లు సర్దక్కర్లేదు. వీడియో కాల్‌లో చూపిస్తూ అమ్మ తెగ మురిసిపోయింది.

సంక్రాంతికి వెళ్లి చూస్తే ఆ బటన్ జోలికి ఎవరూ వెళ్లినట్టు లేదు. వంటింట్లో ఎప్పటిలాగే ఇరవై లీటర్ల వాటర్ టిన్ను, ఫ్రిజ్‌లో ఎప్పటిలాగే బాటిళ్లు.

"ఏంటమ్మా ఇది, అంత పెట్టి కొంటే?"

"ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయిరా?"

"ఫిల్టర్ ఉందమ్మా."

"ఉంటే ఉండనీ. ఆ డిసెంబర్ మర్చిపోయావా?"

ఏలూరు వాళ్లెవరూ మర్చిపోరు. 2020 డిసెంబర్ మొదటి వారంలో ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణులు పురుగు మందుల అవశేషాలే కారణం కావచ్చన్నారు. కానీ మొదటి రోజు నుంచీ మా వీధిలో అందరి చూపూ కుళాయి వైపే. అప్పటి నుంచి అమ్మకి నీళ్లంటే ఎక్కడివో తెలియాలి.

ఇంజినీరింగ్ చదివిన కొడుకుని కదా, అమ్మ భయం పోగొడదామని టీడీఎస్ మీటర్ తెప్పించాను. టిన్ను నీళ్లలో పెడితే 60. మిద్దె మీద ట్యాంకులో, అంటే కుళాయి నీళ్లు, బోరు నీళ్లు కలిసిన చోట, 740. ఫ్రిజ్ డిస్పెన్సర్ నీళ్లలో 735! తాగే నీళ్లకి బీఐఎస్ చెప్పిన హద్దు 500. వేరే దిక్కు లేకపోతేనే 2000 దాకా ఒప్పుకుంటారు.

అప్పుడు మాన్యువల్ తెరిచాను. (మీరూ తెరిచి ఉండరు, నాకు తెలుసు.) ఫ్రిజ్‌లో ఉండేది కార్బన్ ఫిల్టర్. క్లోరిన్ వాసన, కొంత మడ్డి ఆపుతుంది. నీళ్లలో కరిగిన ఉప్పుని ఆపలేదు. ఫిట్టింగ్‌కి వచ్చినతను ట్యాంకు పైపుకే లైన్ కలిపి "ఏం పర్లేదండీ, లోపల ఫిల్టర్ ఉంటదండీ" అని వెళ్లిపోయాడు. నేనూ సరే అన్నాను. అమ్మ ఒక్కతే అనలేదు.

ఐస్ సంగతి ఇంకోటి. ఐస్‌మేకర్ పని సింపుల్: వాల్వ్ తెరుచుకుంటుంది, అచ్చు నిండుతుంది, గడ్డ కట్టాక ముక్కలు డబ్బాలో పడతాయి, డబ్బా నిండితే ఆగిపోతుంది. కానీ ఆ వాల్వ్‌కి తగినంత ప్రెషర్ కావాలి. మా మాన్యువల్లో కనీసం 20 పీఎస్ఐ అని ఉంది. పది మీటర్ల ఎత్తున్న నీళ్లు ఇచ్చేదే 14 పీఎస్ఐ. మా ట్యాంకు ఉన్నది నాలుగు మీటర్ల ఎత్తులో! అందుకే ముక్కలు సగం సగం, పల్చగా వచ్చాయి. పైగా నడిమధ్యలో తెల్లగా. నీళ్లు అంచుల నుంచి గడ్డ కడుతూ కరిగిన ఉప్పుని, గాలిని మధ్యలోకి నెట్టేస్తాయి. ఉప్పు ఎక్కడికీ పోదు, ముక్కలోనే ఉంటుంది. క్రిములూ అంతే. చలికి చాలావరకు చావవు, ఐస్ కరిగాక మళ్లీ లేస్తాయి.

ఈ మాట మా అమ్మమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లది కైకలూరు దగ్గర కొల్లేటి పల్లె. చుట్టూ నీళ్లే, తాగే నీళ్లు మాత్రం కొనుక్కోవాలి. అక్కడ ఐస్ అంటే ఫ్యాక్టరీ దిమ్మ. శీలావతి, బొచ్చె చేపల మీద పొడి చేసి పోసి లారీలో పంపడానికి. చిన్నప్పుడు దిమ్మ నుంచి రాలిన ముక్క నోట్లో పెట్టుకోబోతే చెయ్యి మీద కొట్టి, "అది చేపలకిరా, మనకి కాదు" అనేది. 2018లో మహారాష్ట్రలో తినకూడని ఐస్‌కి నీలం రంగు కలపాలని ఆర్డర్ వేశారు. అమ్మమ్మ దెబ్బకీ ఆ రంగుకీ అర్థం ఒకటే.

చివరికి ఏం చేశామంటే, వంటింట్లో ఆర్వో పెట్టించి, దాన్నుంచి చిన్న బూస్టర్ పంపుతో ఫ్రిజ్‌కి లైన్ ఇచ్చాం. ఆర్వో వదిలేసే నీళ్లు ఇల్లు కడగడానికి వాడుతున్నాం. ఇంత ఖర్చు వద్దనుకుంటే, లోపల చిన్న ట్యాంకులో మనమే నీళ్లు పోసుకునే మోడల్ కొనుక్కోండి. అందులో తాగే నీళ్లే పోయండి, ట్యాంకు వారానికోసారి కడగండి.

ఏ మోడల్ అయినా కొత్తలో వచ్చిన ఐస్ రెండు మూడు వాయిలు పారేయండి. ఊరెళ్లి వచ్చాక పాత ఐస్ తీసేసి, కొన్ని గ్లాసుల నీళ్లు వదిలేయండి. ఐస్ డబ్బా కడిగి ఆరబెట్టండి. ఆర్వో నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి నిలవ ఉంటే క్రిములు తొందరగా పెరుగుతాయి. ఫిల్టర్ లైట్ వెలిగితే అలంకారం అనుకోకండి, మార్చండి. మామూలుగా ఆరు నెలలకోసారి.

మొన్న ఉగాదికి మీటర్ మళ్లీ పెట్టాను. 55. అమ్మకి చూపించాను. మీటర్ వైపు చూడలేదు. వంగి, సింక్ కింద పైపు ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తోందో వేలితో చూసుకుంటూ వెళ్లింది. తర్వాత లేచి, గ్లాసు పెట్టి, బటన్ నొక్కింది.