పన్నెండింటిలో రాజు ఒక్కడు

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో పాతకాలపు కట్టడం ఏది కనిపించినా రాయలవారి ఖాతాలో వేయడం మనకు అలవాటు. కోట బురుజైనా, గుడి మండపమైనా, చెరువు కట్టయినా కట్టించింది కృష్ణదేవరాయలే అంటాం. ఉదయగిరి ఆయన చేతికి వచ్చింది 1514లో, ఆయన కాలం చేసింది 1529లో. అంటే పదిహేనేళ్లు. అంతకు ముందు నూట డెబ్బై ఏళ్లుగా ఈ ఉదయగిరి కొండను కేంద్రంగా చేసుకొని ఒక ప్రభుత్వం నడిచింది. సంగమ వంశపు రాకుమారులు ఏలారు, ఒడిశా గజపతులు వచ్చి ఆక్రమించారు, శిస్తులు వసూలయ్యాయి, చెరువులు తవ్వారు. అదంతా మరపులో పడి ఒక్క మనిషి మిగిలాడు. ఆయనతో పాటు మారువేషంలో తిరిగే రాత్రులు, ఎనిమిది మంది కవులు, మంత్రి అప్పాజీ తెలివి, వీధుల్లో రాశులు పోసిన రత్నాలు మిగిలాయి. ఆ రాజ్యంలో శిస్తు కట్టే రైతు ఉండడు, లెక్క రాసే కరణం ఉండడు, తూము తీసే మనిషి ఉండడు. అది మనం ఊహించుకున్న రాజ్యం. ఇంకా చెప్పాలంటే, అవసరం కొద్దీ కొందరు కల్పించి మనకు అందించిన రాజ్యం. అసలు రాజ్యం ఎలా నడిచిందో చెప్పే ఆధారాలు మన కొండకు చుట్టుపక్కలే ఉన్నాయి. వాటిలో రాజు స్థానం మనం అనుకునే దానికన్నా చాలా చిన్నది.

కల్పన ఎక్కడ మొదలైందో కొంతవరకు చూపించవచ్చు. రాయల గురించి మనం చెప్పుకునే ఎన్నో సంగతులకు మూలం ‘రాయవాచకము’ అనే వచన గ్రంథం. విజయనగరంలో ఉన్న ఒక స్థానాపతి, అంటే రాయబారి, మధుర నాయకుడైన తన ఏలికకు రాసి పంపిన నివేదికలా అది నడుస్తుంది. రాయలు పట్టానికి రావడం, అప్పాజీతో సంప్రదింపులు, వేగులవాళ్లు తెచ్చే వార్తలు, తురకల మీద, గజపతి మీద దండయాత్రలు, అన్నీ కళ్లారా చూసినట్టే ఉంటాయి. మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉన్న ఆ వచనం అందమే వేరు. అయితే దాన్ని 1993లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్ లోపలి ఆధారాలను పరిశీలించి, అది రాయల కాలపు రచన కాదని, పదహారో శతాబ్దం చివర మధుర ఆస్థానంలో పుట్టిందని తేల్చారు. రాయలు సింహాసనం ఎక్కిన 1509 నాటికి గోల్కొండలో స్వతంత్ర సుల్తాను లేడు. పుస్తకంలో మాత్రం బిజాపూరు, అహమద్‌నగరు, గోల్కొండ మూడూ స్థిరపడ్డ రాజ్యాలుగా కనిపిస్తాయి. రాసేనాటికి తళ్లికోట యుద్ధం జరిగి ముప్పై ఏళ్లు గడిచాయి, హంపీ పాడుబడింది, ఆరవీటి వంశీయులు పెనుకొండకు, ఆపైన చంద్రగిరికి మారారు. తామే సొంతంగా ఏలుకుంటున్న మధుర నాయకులకు ఒక గతం కావాలి. ఒకప్పుడు ధర్మంగా ఏలిన ఒక మహారాజు ఉండాలి, తమ అధికారం ఆయన దగ్గర నుంచి వచ్చిందని చెప్పుకోవాలి. అలా ఆస్థానం ఒకటి తయారైంది. అష్టదిగ్గజాల కథ కూడా ఇలా కాలాలు కలిసిపోయి పెరిగిందే. ఆ ఎనిమిది మందిలో ఒకడిగా చెప్పే రామరాజభూషణుడు తన ‘వసుచరిత్ర’ను తళ్లికోట తర్వాత ఏలిన తిరుమలదేవరాయలకు అంకితమిచ్చాడు. 1951లో ‘మల్లీశ్వరి’ సినిమాలో సత్రంలో చాటుగా ఆటపాటలు చూసిన రాజు ఈ పరంపరలోనివాడే.

ఇక అసలు రాజ్యం. విజయనగరం పుట్టిన తొలి దశలో మొదటి రాజు హరిహరుడి తమ్ముడు కంపన ఉదయగిరి నుంచి తూర్పు ప్రాంతాన్ని ఏలాడు. ఆయన తర్వాత కొడుకు రెండో సంగముడు పట్టానికి వచ్చేనాటికి పసివాడు. రాజ్యభారం మోసింది మంత్రి సాయణుడు. తర్వాతి రోజుల్లో వేదభాష్యం రాసిన సాయణుడే ఈయన. రాజును చిన్ననాటి నుంచి చదివించిందీ తానేనని, యుద్ధాలు నడిపిందీ తానేనని ఆయన గ్రంథాల వల్ల తెలుస్తుంది. శక సంవత్సరం 1278లో, అంటే 1356లో, ఈ సంగముడు ఇచ్చిన బిట్రగుంట శాసనాన్ని సాయణుడి తమ్ముడు భోగనాథుడు రచించాడు. అంటే ఉదయగిరి రాజ్యం తన తొలి తరంలోనే రాజు పసివాడుగా ఉన్నా కుప్పకూలకుండా నిలిచింది. నిలబెట్టింది రాతకోతలు తెలిసిన, దండు నడపడం తెలిసిన ఒక ఉద్యోగ వర్గం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది వెలుగొండల అవతల, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం. శక సంవత్సరం 1291, అంటే 1369. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడు అని కూడా పేరు, ఉదయగిరి నుంచి ఏలుతూ తవ్వించిన చెరువు అది. అనంతరాజ సాగరమని దానికి పేరు పెట్టాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని శాసనం వరసగా చెబుతుంది. మొదటిది ధర్మం తెలిసిన, ధనమున్న, కీర్తి కోరే రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన పండితుడు. ఆ తర్వాత వచ్చేవాటిలో ముఖ్యమైనవి గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తీపి నీళ్లు తెచ్చే ఏరు, ఆ ఏటిని ఒరుసుకున్న కొండ, కొండల నడుమ చిక్కని రాతి కట్ట, లోతూ విస్తారమూ ఉన్న గర్భం, నిడుపాటి రాళ్లిచ్చే గని, దిగువన చదునైన సారవంతమైన పొలం, చివరగా కట్టే పని వచ్చిన మనుషులు. ఆరు దోషాలు కూడా చెబుతుంది. కట్టకు ఊట పడటం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, గర్భం నడుమ మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇంత చెప్పాక ఖర్చు లెక్క వస్తుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, తూముకూ కట్టకూ రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. రాజును మొదట నిలబెట్టి గౌరవించారు, నిజమే. అయినా ఆయన పన్నెండింటిలో ఒక్కడు. మంచి చెరువుకు మిగతా పదకొండూ కావాలని ఆ కాలపు పండితుడు ఎంత స్పష్టంగా రాశాడో చూడండి. రెండు రాజ్యాల సరిహద్దు ఒక దోషమని రాయడం కూడా ఊరికే కాదు. ఆ మరుసటి శతాబ్దంలో ఉదయగిరి గజపతులకూ విజయనగరపు నరపతులకూ నడుమ నలిగిపోయిన తీరు ఆ మాటకు సాక్ష్యం.

కృష్ణరాయల ముట్టడి సంగతి కూడా చూద్దాం. 1535 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసిన కథనం ప్రకారం రాజు 34,000 కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడు. కోటలో ఉన్నది పదివేల మంది కాలిబంట్లు, 400 గుర్రాలు. ఆకలితో మాడ్చి తప్ప పట్టలేని కోట. ఒక్కొక్కరుగా తప్ప నడవలేని ఇరుకు దారి. ఏడాదిన్నర పాటు బండలు పగలగొట్టి, దారులు వెడల్పు చేసుకుంటూ పోయారు. మన మనసులో మిగిలింది ఒక వీరుడి విజయం. జరిగింది వేల మంది రాళ్లు కొట్టిన పని. గజపతి ప్రతాపరుద్రుడి బంధువు తిరుమల రౌతరాయలు చేతికి చిక్కాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించారు. అదిప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆ తర్వాతి పాలన నాయంకరం, అంటే దండు పోషించే షరతు మీద నాయకులకు ప్రాంతాల ఆదాయం అప్పగించడం. సాళువ నాయకుడనే ఒక్క పెద్ద అధికారికి 11 లక్షల పర్దావుల (బంగారు నాణేల) ఆదాయం, అందులో మూడో వంతు రాజుకు, మిగతా దాంతో 30,000 కాల్బలం, 3,000 గుర్రాలు, 30 ఏనుగులు పోషించాలని నూనిజ్ రాశాడు. రైతు పండించిన దానిలో పది పాళ్లకు తొమ్మిది పాళ్లు దొరకే పోతుందనీ రాశాడు. ఆ నిష్పత్తి మరీ ఎక్కువగా చెప్పాడని అనుకున్నా, రత్నాల రాశుల పక్కన ఈ రైతు కూడా ఉన్నాడన్నది కాదనలేం.

శాసనాలు మాత్రం పొగడ్తలు కావా, ‘రాయవాచకము’ను తోసేసి వాటిని ఎందుకు నమ్మాలని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ప్రశస్తి భాగంలో ప్రతి రాజూ చంద్రవంశపు వాడే, సముద్రాల దాకా ఏలినవాడే. కానీ శాసనం అక్కడితో ఆగదు. గ్రామం ఎల్లలు, వాటాలు, కొలతలు చెప్పాలి. ఎల్ల తప్పు రాస్తే పక్క పొలం వాడు ఊరుకోడు. తగవు వచ్చే చోట అబద్ధం ఆడటం కష్టం. అందుకే పొగడ్తను పక్కన పెట్టి ఆ భాగాన్ని నమ్ముతాను. ‘రాయవాచకము’ను తోసేయమనీ అనడం లేదు. 1600 నాటి మనుషులు మంచి రాజ్యమంటే ఏమనుకున్నారో తెలుసుకోవడానికి దాన్ని మించిన ఆధారం లేదు. దాన్ని 1510 నాటి దినచర్యగా చదవడమే పొరపాటు.

రాయల గొప్పతనాన్ని తగ్గిస్తున్నావా అనేది రెండో అభ్యంతరం. రాయల మాటే నాకు అండ. ‘ఆముక్తమాల్యద’ నాలుగో ఆశ్వాసంలోని రాజనీతి చదివితే, పరిపాలన అంటే ఆయన దృష్టిలో ఏమిటో తెలుస్తుంది. దేశం చిన్నదైనా చెరువులు, కాలువలు పెంచితే ఆదాయం పెరుగుతుందని, పేద రైతు మీద పన్ను తేలిక చేయాలని, దుర్గాలను ఎవరి చేతిలో పెట్టాలో చూసుకోవాలని, రేవులను బాగు చేయాలని ఆయన చెప్పాడు. అధికారులను నమ్మడం ఎంతవరకు, అనుమానించడం ఎంతవరకు అన్నది అందులో తెగని చింత. తన ఒక్కడి మంచితనంతో రాజ్యం నడుస్తుందని ఆయన ఎక్కడా అనుకోలేదు. ఆ మాట ఆయనకు అంటగట్టింది తర్వాతి తరాలవాళ్లు. ఇంకొకరు, జనానికి గర్వపడటానికి ఒక పేరు కావాలి కదా అంటారు. కావాలి. రోజూ తట్టలు మోసిన ఆ వెయ్యి మంది గురించి గర్వపడటానికి అడ్డేముంది?

ఈ ఊహా రాజ్యం మన ఓటు దాకా వచ్చింది. దాత కావాలి, మారువేషంలో వచ్చి కష్టం కనుక్కునే ఏలిక కావాలి. ఆయన వస్తే కట్టలు వాటంతటవే నిలుస్తాయని నమ్మకం. 2021 నవంబరులో ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగింది, ఊళ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. దాని ఐదు గేట్లలో ఒకటి ముందు నుంచే పనిచేయడం లేదని కేంద్ర జలశక్తి మంత్రే పార్లమెంటులో చెప్పారు. ఆ వరదే పెన్నలోకి దూకి 78 టీఎంసీల సోమశిల మీదకు వచ్చింది, డ్యాం దిగువన నీళ్లు పడే చోటి ఆప్రాన్ (కాంక్రీటు పరుపు) దెబ్బతింది. ఆ రోజు తేడా చూపాల్సింది ఏ నాయకుడి మంచి మనసూ కాదు. గ్రీజు పెట్టిన గేటు, పనిచేసే మోటారు, రాత్రి డ్యూటీలో ఉన్న లస్కరు, సకాలంలో మంజూరైన మరమ్మతు బిల్లు. కాబట్టి నేను అడిగేది రెండు పనులు. నెల్లూరు, కడప జిల్లాల బడుల్లో రాయల పాఠం పక్కనే పోరుమామిళ్ల శాసనం పాఠంగా పెట్టాలి. సోమశిల గేట్ల, కట్టల తనిఖీ ఎప్పుడు జరిగిందో, ఏ లోపం కనిపించిందో, దానికి ఎంత ఖర్చయిందో అనంతసాగరం, ఆత్మకూరు మండలాల్లో ప్రతి సచివాలయం గోడ మీద ఏటా వానలకు ముందే రాయాలి.