ఒక్క క్లిక్, రెండు పనులు

ఫైలు తెరుచుకుంటుంది. చప్పుడు లేకుండా మరో ప్రోగ్రామ్ కూడా మొదలవుతుంది. ఢిల్లీ ఆఫీసుల తలనొప్పి అదే.

ఢిల్లీలో ఓ ప్రభుత్వ ఉద్యోగికి మెయిల్‌లో సమావేశం నోటీసు వస్తుంది. పీడీఎఫ్‌లా కనిపించే ఆ ఫైలును నొక్కితే నిజంగానే ఓ పత్రం తెరుచుకుంటుంది. అనుమానించడానికేమీ ఉండదు. కానీ ఆయన నొక్కింది పీడీఎఫ్ కాదు, ఓ షార్ట్‌కట్. ఏ ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టాలో అందులోని ఒక్క వరుస కంప్యూటర్‌కు చెబుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పత్రాన్ని చూపిస్తూనే, వెనక గూఢచారి ప్రోగ్రామ్‌ను దింపుతుంది. 2025 ఆగస్టులో సైబర్ భద్రతా సంస్థలు బయటపెట్టిన ఈ ఎత్తుకు గురి, సి-డాక్ రూపొందించిన దేశవాళీ లైనక్స్ 'బాస్' వాడే ప్రభుత్వ కంప్యూటర్లు. ఇది పాకిస్తాన్‌తో సంబంధమున్నదని భావించే ఏపీటీ36 ముఠా పనేనని అవి తేల్చాయి.

విచిత్రమేమిటంటే, ఇక్కడ దుండగులు వాడుకున్నది లోపాన్ని కాదు, సదుపాయాన్ని. మెయిల్‌లోని లింకు నొక్కితే బ్రౌజర్ తెరుచుకోవడమూ ఒక ప్రోగ్రామ్ మరొకదాన్ని పిలవడమే. అలా వచ్చిన కొత్త ప్రోగ్రామ్‌కు మామూలుగా ఆ ఉద్యోగికున్న హక్కులన్నీ దక్కుతాయి. ఆయన చదవగల ప్రతి ఫైలునూ అదీ చదవగలదు.

జబ్బు పాతదే. 1999 మార్చిలో మెలిస్సా వైరస్ వర్డ్ ఫైలులోంచి ఔట్‌లుక్‌ను పిలిచి, అడ్రసు బుక్‌లోని మొదటి 50 చిరునామాలకు తనను తానే పంపుకుంది. 2022 మేలో బయటపడిన 'ఫోలినా' మరో మెట్టు ఎక్కింది. వర్డ్ ఫైలు నుంచి విండోస్ సొంత మరమ్మతు సాధనాన్నే నిద్రలేపి, దాని చేత దుండగుల ఆదేశాలు అమలు చేయించింది. జూన్ 14న గానీ మైక్రోసాఫ్ట్ దానికి మందు వేయలేకపోయింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలను ఆపేయడం కూడా అదే ఏడాది మొదలైంది. దాంతో దుండగులు షార్ట్‌కట్‌ల వైపు మళ్లారు.

సైబర్ దాడుల సంగతి చూసే సెర్ట్-ఇన్ 2004 నుంచి ఢిల్లీ కేంద్రంగా పనిచేస్తోంది. దాడిని గుర్తించిన 6 గంటల్లో తమకు తెలపాలని 2022 ఏప్రిల్‌లో అది ఆదేశించింది. అయితే పత్రం చక్కగా తెరుచుకున్నాక దాడి జరిగిందని ఉద్యోగికి తెలిసేదెలా? ఫైలు పేరూ, దాని మీది బొమ్మా మోసగాడు పెట్టినవే. కాబట్టి భారమంతా ఉద్యోగి మీద నెట్టేస్తే లాభం లేదు. మెయిల్‌లో వచ్చే షార్ట్‌కట్‌లను కంప్యూటర్ విభాగమే గుమ్మంలో ఆపాలి. అతిథి వెంట వచ్చిన రెండో మనిషి ఎవరని అడగడం ఇంటికే కాదు, కంప్యూటర్‌కూ అవసరమే.