తెర మీది తొట్టి, తుంగభద్ర మీది పుట్టి

విజ్ఞానశాస్త్ర బోధనకు నేడొక కొత్త సాధనం అమరినది. కంప్యూటరు తెర మీద నీటితొట్టి కనిపిస్తుంది. విద్యార్థి వేలితో ఒక దిమ్మెను జరిపి నీటిలో విడుస్తాడు. అది మునుగుతుంది, లేదా తేలుతుంది. దాని ద్రవ్యరాశిని మార్చి చూడవచ్చు, ఘనపరిమాణాన్ని మార్చి చూడవచ్చు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన 'ఫెట్' ఇటువంటి అనుకరణ ప్రయోగాలను ఉచితంగా అందజేస్తున్నది. ఆయన అంతకు ముందటి యేడే భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పంచుకొన్న పండితుడు. అంతటివాడు బడిపిల్లల బొమ్మలాటకు దిగివచ్చినాడంటే ఆ ఆటలో ఏదో సారం ఉండితీరవలెను.

చేతితో తాకని ప్రయోగం ప్రయోగమేనా అని పెద్దల ఆక్షేపణ. దానిని తేలికగా త్రోసివేయరాదు. కాని అదే విశ్వవిద్యాలయం వారు 2005లో ఒక పరిశీలన ప్రకటించారు. తెర మీద విద్యుద్వలయాలు కట్టి నేర్చిన విద్యార్థులు, నిజమైన తీగలతో నేర్చినవారికంటె విషయాన్ని బాగుగా గ్రహించారు. నిజమైన వలయాన్ని కట్టి వివరించమన్నప్పుడు కూడ వారిదే పైచేయి అయినది. తీగలో ప్రవహించేది కంటికి కనబడదు; తెర దానిని చూపుతుంది.

మంత్రాలయం, కోసిగి, కౌతాళం పల్లెలకు ఈ సాధనం వల్ల వేరొక ప్రయోజనం కలదు. పట్టణవాసులకు అది తోచదు. వానలు మొగం చాటుచేసిన యేట ఇచ్చటినుండి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు సీమకు మిరపకోతకు, పత్తితీతకు తరలిపోతాయి. పిల్లలూ వెంట పోతారు. నెలల తరువాత తిరిగివచ్చిన బాలునికి పుస్తకం ఉంటుంది, ఉపాధ్యాయుడూ ఉంటాడు. వాడు లేనప్పుడు జరిగిన ప్రయోగం మాత్రం మరల జరగదు. పరికరాలు బీరువాలో చేరి ఉంటాయి. ఆ ఒక్కని కొరకు మరల జరిపేది తెరయే. పదిసార్లు తప్పినా విసుగుకొనదు. ఒకసారి దింపుకొంటే ఇంటర్నెట్టు లేకున్నా నడుస్తుంది.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినది. పిదప బడులలో పెద్ద తెరలూ వెలసినవి. ట్యాబులలో నింపి ఇచ్చినవి ప్రధానంగా దృశ్యపాఠాలు. బొమ్మ తనంత తాను కదలుట వేరు, పిల్లవాడు కదపుట వేరు. ఈ భేదం అధికారులకు ఎవరైనా విప్పిచెప్పవలసి ఉన్నది.

అలంకారశాస్త్రం చదివినవారికి ఇచ్చట ఒక సందేహం పుడుతుంది. ఉపమలో 'వలె' అనే మాట ఉంటుంది, రూపకంలో ఉండదు. తెర మీది తొట్టి ఉపమ. పిల్లవాడు దానిని రూపకంగా గ్రహిస్తాడు. తీగలో తిరిగే నీలిపూసలే ఎలక్ట్రానులనుకొంటాడు. ఆ 'వలె'ను చేర్చవలసినవాడు ఉపాధ్యాయుడు. అందుకు దూరం పోనక్కరలేదు, తుంగభద్ర చాలు. వెదురు బుట్టకు తోలో పట్టాయో కప్పిన పుట్టి, మనుషులను మోస్తూ ఎట్లు తేలుతున్నది? తాను తొలగించిన నీటి బరువు తన మొత్తం బరువుకు సరితూగినందువల్ల. అంతవరకు తెర చూపగలదు. కాని తెర మీది నీరు నిశ్చలం. నదికి వడి ఉన్నది. పుట్టిలో నీరు ఊరుతుంది. అందరూ ఒకవైపే కూర్చుంటే అది ఒరుగుతుంది. తెర విడిచిపెట్టిన వీటిని పిల్లలచేతనే చెప్పించవలెను.

ఏ భాషలో చెప్పించుట? ఫెట్ ప్రయోగాలకు తెలుగు అనువాదాలు ఉన్నవి, సంతోషమే. అయినా తెర మీద 'సాంద్రత' అని చదివినంత మాత్రాన ఆ మాట పిల్లవానిది కాదు. 'ఇంత చిన్నదైనా అంత బరువేమి!' అని వాని నోట రావలెను. ఇంట కన్నడం మాట్లాడే పిల్లలు ఈ సీమలో ఎందరో. వారు కన్నడంలోనే చెప్పనీ. దిమ్మెను విడువక ముందే 'ఏమవుతుంది?' అని ఒక్కొక్కరిని అడిగి, జవాబు రాబట్టి, ఆ తరువాతనే విడువనివ్వవలెను. ఇందుకు ఉపాధ్యాయులకు తరిఫీదు కావాలి, తీరిక కావాలి.

వలసనుండి వచ్చిన పిల్లలకై సాయంకాలం ఒక గంట తెర ఉన్న గది తెరచి ఉంచితే మొదలుకు చాలు. ఆ గది బీగపుచెవి ఎవరి వద్ద ఉండవలెనో ప్రతి బడివారూ ముందుగా నిర్ణయించుకోవాలి.