ఎడమ చక్రం కీచు

మా కొలంబస్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మార్చి వచ్చేసరికి మంచు పోతుంది, ఉప్పు చేసిన పని మిగులుతుంది. ఈసారి అది మా పాత కారు ముందు ఎడమ చక్రంలోంచి కీచుమంది.

షాపుకి తీసుకెళ్తే, చక్రం విప్పకుండానే సందుల్లోంచి టార్చి వేసి చూసి, ప్యాడ్లు బోలెడున్నాయి, దుమ్మయ్యుంటుంది అన్నాడు. ఫీజు మాత్రం తీసుకున్నాడు. నమ్మి ఊరుకునేవాణ్ణే. కానీ మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటున్నది ఆ కారులోనే.

ఇంట్లో నాన్న ఉన్నారు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫై ఏళ్లు బస్సులు బాగుచేసిన మనిషి. ఇక్కడికొచ్చిన నాలుగు నెలల్లో ఆయన చేతికి తగ్గ పని ఒక్కటీ దొరకలేదు. కారెక్కించి వీధి చివరిదాకా తిప్పాను.

"ఏదిరా? ఏం రావట్లేదే."

నాకేమో చెవులు చిల్లులు పడుతున్నాయి. అద్దం దించి మళ్లీ తిప్పాను. "ఇంజన్ బాగానే ఉందిగా" అన్నారు.

అప్పుడర్థమైంది. వయసుతో ముందు పోయేవి సన్నటి శబ్దాలే. మోతలో పనిచేసినవాళ్లకి ఇంకా తొందరగా పోతాయి. టీవీ సౌండు తగ్గించమని నేను విసుక్కున్నవన్నీ గుర్తొచ్చాయి. నేనేమీ అనలేదు. ఆయన మాత్రం వెనక సీట్లో ఉన్న మనవరాలి వైపు తిరిగి, "అమ్మడూ, నువ్వొచ్చి తోలు. నేనడుగుతా, నువ్వు విని చెప్పు" అన్నారు. నేను వెనక్కి మారాను.

"చక్రం తిరిగే లెక్కనే వస్తోందా?" అవును, స్పీడు పెరిగితే త్వరత్వరగా. "గతుకులో పడితే?" తేడా లేదు. అయితే సస్పెన్షన్ కాదు. "కుడికి తిప్పు." అలా తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, బేరింగ్ పోయుంటే మోత పెరుగుతుంది. పెరగలేదు. అసలు బేరింగ్‌ది హోరు, కీచు కాదుట. మలుపులో టకటకలాడితే యాక్సిల్ జాయింటు. అదీ లేదు.

"బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించు."

"ఆగిపోయింది తాతయ్యా! తీస్తే మళ్లీ వస్తోంది."

"లైనరే" అన్నారు నాన్న.

ఇంటికొచ్చాక చక్రాలకి తగలకుండా దగ్గరగా చెయ్యి పెట్టి చూశారు. కుడిది గోరువెచ్చన, ఎడమది సెగ. చల్లారనిచ్చి, జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి విప్పాం. బయటి ప్యాడ్ నిజంగానే మందంగా ఉంది. షాపువాడు అబద్ధమాడలేదు, చూడాల్సింది చూడలేదంతే. లోపలి ప్యాడ్ రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. అరిగిపోయిందని చెప్పడానికే దానికి బిగించిన చిన్న ఇనుప రేకు డిస్కుకి రాసుకుంటోంది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికుండే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. దాంతో భారమంతా లోపలి ప్యాడే మోసింది. ఇంకొన్నాళ్లు పోతే ఇనుము మీద ఇనుమే.

ఆ రేకుని వేలితో మీటి చూశారు నాన్న. "మా బస్సులకి ఇలాంటివి లేవురా. మా చెవులే..." అని ఆగిపోయారు.

పిన్నులు రుద్ది గ్రీజు పెట్టాం. ప్యాడ్లు రెండు వైపులా మార్చాం, ఒక్క పక్కే మారిస్తే బండి లాగుతుందని ఆయన ఒప్పుకోలేదు. సాయంత్రం మళ్లీ అమ్మాయే తోలింది.

"వస్తోందా?"

"లేదు తాతయ్యా."

వచ్చే గురువారానికి చెవుల డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకున్నానని రాత్రి అన్నం దగ్గర చెప్పాను. వస్తాననలేదు, రాననీ అనలేదు. "ఆ షాపువాడిలా పైపైన చూసి పంపించేవాడైతే వద్దు" అన్నారు.