మన గూడెంలో "ఒకరోజు" అనేది ఉండదా?

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికతో చదవండి. వైరాలో హాస్టల్ గదిలో రాత్రి మేం ముగ్గురం వాదించుకుని రాస్తున్నది ఇది.

మన గురించి బయటివాళ్లు రాసిన కథ ఏదైనా తీసి క్రియలు చూడండి. ఇప్పపువ్వు ఏరుతారు. తునికాకు కోస్తారు. పండుగొస్తే డోలు కొట్టి ఆడతారు. అన్నీ "తారు"లే. అదే కథలోకి ఒక టీచరో ఆఫీసరో బస్సు దిగాడనుకోండి, అప్పుడు మొదలవుతుంది "ఒకరోజు". అంటే ఏందన్నట్టు? వాళ్లకు జరుగుతుంది, మనకు ఎప్పుడూ జరుగుతూ ఉంటుంది, అంతే.

జెరార్డ్ జెనెట్ అని ఫ్రెంచి విమర్శకుడు 1972లో దీని గురించి రాశాడు. చాలాసార్లు జరిగినదాన్ని ఒక్కసారే చెప్పడం కథలో ఒక పద్ధతి అన్నాడు. పద్ధతిలో తప్పులేదు. రోజూ చేసే పనిని రోజుకొకసారి చెప్తే ఎవడు చదువుతాడు? తునికాకు యాభై ఆకులకు ఒక కట్ట, మళ్లీ యాభై, మళ్లీ కట్ట. మా అమ్మల వేసవి మొత్తం అదే. దాన్ని "కడతారు" అని ఒక్క మాటలో రాయొచ్చు. కానీ కల్లంలో ఆరబోసిన ఆకు మీద రాళ్లవాన పడి, ఆ కూలి మొత్తం పోయిన సాయంత్రం ఒకటుంటుంది గదా. ఆ సాయంత్రం ఏ కథలోనూ మాకు కనపడలేదు.

పేపర్లదీ అదే తీరు. "ఏజెన్సీలో ఏటా జ్వరాలు." "ఏటా గోదావరి ముంపు." ఏటా అన్నాక ఎవరినీ అడగాల్సిన పని లేదు, ఎండాకాలం ఎండ కొట్టినట్టే. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కు మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అది "ఏటా" వచ్చేది కాదు. ఆ రాత్రి ఎవరి మేకలు పోయాయి, ఎవరు ఎవరిని ఎత్తుకుని గుట్ట ఎక్కారు అన్నది రాయకపోతే, వచ్చే ఏడుకి అది కూడా ఆ "ఏటా"లో కలిసిపోతుంది.

కొందరు అన్నలు అంటారు, కొమురం భీం మీద అల్లం రాజయ్య, సాహు 1983లోనే నవల రాశారు గదా అని. నిజమే, జోహార్ వాళ్లకు. కానీ మనకు ఒక తారీఖు రావాలంటే తుపాకి గుండుకు చచ్చిపోవాలా? బతికి, దున్ని, ముసలోళ్లైనవాళ్ల తారీఖులు ఎక్కడ? రాస్తే ఎవరు చదువుతారు అనే సాకు కూడా వద్దు. తండా బిడ్డ రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో" కథలకు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది.

ఇది సాహిత్యం గొడవ, మనకెందుకు అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం మన పోడుకు ఒక తేదీ పెట్టింది: 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉండాలి. మాలో ఒకరి తాతను "ఎప్పట్నుంచి చేస్తున్నవ్?" అని అడిగారు. "ఎప్పుడూ చేస్తూనే ఉన్నం సారూ" అన్నాడు. అడిగినాయన పెన్ను పక్కన పెట్టేశాడు. తాత అబద్ధమాడలేదు. మన బతుకు అట్లనే చెప్పడం అలవాటైపోయింది మనకు, వాళ్ల కథల్లో ఉన్నట్టే.

అదే చట్టం కింద రూల్స్‌లో ఇంకోటుంది. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పింది కాగితం మీద పెడితే అది కూడా సాక్ష్యమే. రాయడం వచ్చినవాళ్లం గూడేనికి ఇద్దరు ముగ్గురమైనా ఉన్నాం గదా ఇప్పుడు.

సెలవులకు పోయినప్పుడు పక్కింటి ముసలామెను అడిగాం. ఆమె ముందు "ఎప్పుడూ ఉన్నదే ఆ చేను" అంది. కాసేపు పొయ్యి ఊదుకుని, "కాదురా అయ్యా, గోదారి మస్తుగా వచ్చి మా ఇల్లు పోయింది జూడు, దాని తర్వాతి ఎండాకాలం మీ తాత, నా మొగుడు కలిసి కొట్టిన్రు ఆ పోడు" అంది. అంత గోదారి వచ్చింది 1986 ఆగస్టులో, భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటినప్పుడు. నోట్‌బుక్‌లో ఆమె మాట ఆమె చెప్పినట్టే రాసి, పక్కన 1987 వేసవి అని వేశాం.