ఆపరేషన్‌కు బీమా ఉంది.. అమ్మ నిద్రకు లేదు

రాత్రి పది దాటాక ఏ పెద్దాసుపత్రికి వెళ్లినా కనిపించే దృశ్యం ఒకటే. పిల్లల వార్డు బయట వరండాలో దుప్పట్లు, ప్లాస్టిక్ చాపలు పరుచుకుని నడుం వాల్చిన తల్లిదండ్రులు. నిద్రపోతున్నట్టే ఉంటారు గానీ, లోపలి నుంచి నర్సు పిలిస్తే మొదటి పిలుపుకే లేచి కూర్చుంటారు. ఆసుపత్రి భాషలో వీళ్లు 'అటెండెంట్లు'. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఎక్కడా లేరు.

దేశంలో ఏటా రెండు లక్షల మందికి పైగా శిశువులు గుండె లోపాలతో పుడుతున్నారని అంచనా. ఇలాంటి పిల్లల చికిత్స ఖర్చు విషయంలో ప్రభుత్వాలు చేసింది తక్కువేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పుట్టుకతో వచ్చే లోపాలను ముందే గుర్తించేందుకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల బీమాతో 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాయి. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి.

అయితే ఈ పథకాలన్నీ రోగి చుట్టూనే అల్లుకున్నవి. పక్కనున్న మనిషి పోగొట్టుకున్న కూలి, బయట కొనుక్కున్న భోజనం, ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలివచ్చిన రెండో బిడ్డ.. ఇవేవీ ప్యాకేజీలోకి రావు. నిద్ర సంగతి అసలే రాదు.

ఇది కేవలం జాలి పడాల్సిన విషయం కాదు, చికిత్స భద్రతకు సంబంధించినది. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. వారం రోజులు సరిగా కన్ను మూయని తల్లికే డిశ్చార్జి రోజున మందుల చీటీ చేతికిస్తారు. ఏ సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు, కుట్టు దగ్గర ఎలా ఉంటే వెంటనే రావాలి.. అన్నీ అయిదు నిమిషాల్లో చెప్పేస్తారు. ఆమె తల ఊపుతుంది. ఇంటికెళ్లాక ఎంత గుర్తుంటుందన్నది వేరే సంగతి.

పెద్దల ఆందోళన పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. తల్లిదండ్రులు ఎక్కువగా కంగారుపడితే ఆపరేషన్‌కు ముందు బిడ్డ భయమూ పెరుగుతుంది. ఐసీయూ రోజులు గడిచాక కూడా కొందరు తల్లిదండ్రులను నెలల తరబడి దిగులు, పీడకలలు వెంటాడతాయి. బిడ్డ కోలుకుంటే చాలనుకుని, ఆ సంగతి వాళ్లూ చెప్పరు, ఎవరూ అడగరు.

ఈ భారం ఎక్కువగా మోసేది ఎవరో 2024 సమయ వినియోగ సర్వే చెబుతోంది. 15-59 ఏళ్ల మహిళల్లో 41 శాతం ఇంట్లోవారి సంరక్షణలో పాలుపంచుకుంటే, పురుషుల్లో 21.4 శాతమే. వెచ్చించే సమయం రోజుకు మహిళలు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. రోజుకూలీకి వెళ్లే తల్లికి ఒక్క రోజూ లేదు. పైగా చాలా పిల్లల వార్డుల్లో ఒక్క పాసే ఇస్తారు, రాత్రిపూట ఆడవాళ్లనే ఉండనిస్తారు. తండ్రి గేటు బయటే ఉన్నా తల్లిని కాసేపు పడుకోమని పంపే వీలుండదు.

పరిష్కారాలకు కొత్తగా దారులు వెతకనక్కర్లేదు. హరియాణాలోని ఝజ్జర్ ఎయిమ్స్ ప్రాంగణంలో 2021లో 806 పడకల విశ్రామ్ సదన్ ప్రారంభమైంది. శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలిచ్చే ఆరోగ్య ఆసరాను ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చింది. అదే సూత్రాన్ని బిడ్డ పక్కనున్న తల్లికో తండ్రికో వర్తింపజేయవచ్చు. మానసిక సహాయానికి 14416 నంబరుతో టెలి మానస్ 2022 నుంచి ఉంది. ఆ నంబరు వార్డు గోడ మీద ఉండాలి.

ఖర్చు లేని పనులూ ఉన్నాయి. ఇద్దరూ వంతులవారీగా ఉండేలా పాసు మార్చుకోనివ్వడం, డాక్టరు మాట్లాడే వేళ ముందే చెప్పడం, మందుల వివరాలు తెలుగులో రాసివ్వడం. అన్నింటికన్నా ముందు డిశ్చార్జి కాగితం మీద ఇంకో ప్రశ్న చేరాలి: 'రాత్రి మీరు నిద్రపోయారా?'