మొదట పరిహారము, పిమ్మట తగవు



వరికోతలు ముగిసినది మొదలు మన హుజూర్‌నగరు ప్రాంతమున హమాలీలకు తీరిక యుండదు. బస్తాలు నింపుట, కాటా వేయుట, లారీ కెత్తుట యన్నియు వారి చేతిమీదనే జరుగును. అనేక సంఘములు వీరిని నేరుగా నియమింపక మేస్త్రితో నొడంబడిక చేసికొనును. మేస్త్రి మనుష్యులను దెచ్చును. పని సాగినంతకాలము ఈ యేర్పాటు సుఖముగనే యుండును. దీని లోపము ప్రమాదము జరిగిన దినమున బయటపడును.

ఒక్క సంగతి యూహింపుడు. సంఘపు గిడ్డంగిలో బస్తాల దొంతర కూలి నలువదియేండ్ల హమాలీ మృతుడయ్యెననుకొందము. అతని భార్య సంఘమునకు వచ్చిన, "అతడు మేస్త్రి మనిషి" యని యందురు. మేస్త్రి యొద్దకు బోయిన, "భీమా కట్టితిని, కంపెనీ నడుగు" మనును. కంపెనీవారు, "పాలసీ పదిమందికి, ఆనాడు పదునైదుగురు పనిచేసిరి, ఇతని పేరు లేదు" అని వ్రాయుదురు. మూడు గడపలు తొక్కినను ఆమె కొంగున రూపాయి పడదు.

ఈ తగవు ఆమెది కాదని నా దృఢాభిప్రాయము. చట్టము చెప్పుచున్నదియు నిదియే. 1923లో చేయబడి 1924 జూలై 1 నుండి అమలైన కార్మిక నష్టపరిహార చట్టపు 12వ సెక్షను ప్రకారము, యజమాని తన వ్యాపారములో భాగమైన పనిని గుత్తేదారునకు ఒప్పగించినను, తన యధీనమునందున్న స్థలమున పనివానికి ప్రమాదము కలిగినచో, తానే నియమించిన వానికివలె పరిహార మీయవలెను. ఇచ్చిన పిమ్మట గుత్తేదారునుండి రాబట్టుకొను హక్కు యజమానికి గలదు. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టము స్థానమున సామాజిక భద్రతా కోడు, 2020 అమలులోనికి వచ్చినది. ఈ మూలసూత్రము మాత్రము మారలేదు.

సంఘము గిడ్డంగి కట్టించుట దాని నిత్యవ్యాపారము కాదని వాదించుటకు తావు గలదు. కాని ధాన్యము కొనుచున్న సంఘము బస్తాలెత్తు పనిని తనది కాదనుట పొసగదు. పదిమందికి తక్కువ కాని పనివారున్న గిడ్డంగులలో సరకు మోయుట, ట్రాక్టరు మొదలగు యంత్రములతో సేద్యము, గొట్టపుబావుల పని 1923 నాటి చట్టపు రెండవ అనుబంధమునందు పేర్కొనబడియుండెను. కావున ఇది కర్మాగారములవారి గొడవ యని రైతు లుపేక్షింపరాదు.

ఆలస్యమువలన నష్టమెంతయో లెక్క వేయుదము. పాత చట్టపు కొలతనే తీసికొందము. 2020 నుండి నెలజీతమును 15,000 రూపాయల వరకు లెక్కలోనికి గొనిరి. అందు సగము 7,500. నలువది యేండ్ల వయస్సునకు గుణకము 184.17, మరణ పరిహారము 13,81,275 రూపాయలు. నెల మీరి జాగు చేసినచో నూటికి 12 చొప్పున వడ్డీ. మూడేండ్లు తగవు నడచిన వడ్డీయే 4,97,259 రూపాయలు. తగిన కారణము లేనిచో అసలులో సగము వరకు జరిమానా గూడ పడవచ్చును. ఆ జరిమానా భీమా కంపెనీపై పడదని సుప్రీంకోర్టు 1997లోను, వడ్డీనిగూడ పాలసీ షరతుతో కంపెనీ తప్పించుకొనవచ్చునని 2006లోను తీర్పు చెప్పినది. పరిహారము ప్రమాదము జరిగిననాడే బాకీ యగునుగాని విచారణ ముగిసిననాడు కాదని 1975 డిసెంబరులోనే ఆ న్యాయస్థానము తేల్చినది. కావున తగవు సాగినకొలది భారము పెరుగునది సంఘముపైననే.

పని గొలుసు పెరిగినకొలది బాధ్యత యెట్లు మరుగుపడునో చూడుడు. మన పూర్వపు నల్లగొండ జిల్లా పొలములకు నీరు దెచ్చుటకై త్రవ్వుచున్న శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగమున 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలి ఎనమండుగురు చిక్కుకొనిరి. వారిలో ప్రధాన గుత్తేదారు మనుష్యులును, త్రవ్వకపు యంత్రముల కంపెనీ మనుష్యులును గలరు. పంజాబు, ఝార్ఖండు, ఉత్తర ప్రదేశ్, జమ్మూ కాశ్మీరములనుండి వచ్చినవారు. అంత దూరమున నున్న కుటుంబము, తమవాడు ఎవరి మనిషియో, ఎవరి పాలసీ యెవరికి వర్తించునో యెట్లు తేల్చుకొనగలదు? మన నీటికొరకు దిగినవారి గతి యిట్టిదైనప్పుడు, మన ధాన్యము మోయువారి సంగతి మనము ముందుగా యోచింపవలదా?

"సంఘపు సొమ్ము రైతుల వాటాధనము, మేస్త్రి తప్పునకు మేమేల చెల్లింపవలె?" నని కొందరందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని రాబట్టుకొను హక్కు కాగితముపై నున్నంతమాత్రమున మేస్త్రి చేత ధనముండదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకన్న పనికి ముందే జాగ్రత్తపడుట మేలు. పని మొదలిడకమున్ను అసలు పాలసీని చూడవలెను. మేస్త్రి మాట చాలదు. అందు పనివారి సంఖ్య, నిజమైన కూలి, తేదీలు, ఉపమేస్త్రి తెచ్చు మనుష్యులు, వడ్డీ, వైద్యవ్యయము చేరినవో లేదో పరిశీలింపవలెను. దినదినము హాజరుపట్టీ సంఘమే వ్రాయవలెను. మేస్త్రి బిల్లులో కొంత పూచీగా నిలుపుకొనవలెను. పరిహారము కోరనని పనివాడు వ్రాసి యిచ్చినను ఆ కాగితము చెల్లదని యెరుగవలెను.

ప్రమాదము జరిగినచో మరణ పరిహారమును కుటుంబము చేతికిచ్చి సరిపుచ్చుకొనుట చట్టరీత్యా చెల్లింపు కాదు. చట్టము నిర్దేశించిన సమర్థాధికారి వద్ద జమచేయవలెను. బాధితులు రెండేండ్లలోపల దరఖాస్తు పెట్టుకొనవలెనని వారికి తెలియజెప్పుటయు మన విధియే.

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఇట్లు తీర్మానింపవలెనని నా విన్నపము: "మా ఆవరణమున మా పనిలో గాయపడినవానికి మొదట పరిహారము జమచేయుదుము, గుత్తేదారుతోను, భీమా కంపెనీతోను తగవు పిమ్మట మేమే పడుదుము." ఒకరి కష్టమును పదిమంది పంచుకొనుటకే సహకార సంఘములు వెలసినవి. ఆ పదిమందిలో బస్తా మోసినవానికి చోటు లేకున్న, మన సహకారము పేరునకు మాత్రమే మిగులును.